ఆవుదూడ వెంట నాలుగు రోజులు

డిసెంబరు 25. హైదరాబాదు నుంచి యాగంటి

షాద్‌నగర్ ఇంకా దాటలేదు, చిన్నోడు ట్యాబ్ అడిగాడు. బయట పొగమంచు. అద్దంలోంచి ముందు లారీ ఎర్ర దీపాలు తప్ప ఏమీ కనబడట్లేదు. చూడ్డానికి ఏమీ లేదు కదా అని ఇచ్చేశాను. ముందురోజు రాత్రి కూర్చుని దాన్నిండా బొమ్మల కథలు ఎక్కించి పెట్టాను, నాలుగు రోజులూ వాటితో గడిచిపోతాయనుకున్నాను. రెండో కథ సగంలో వాడి మొహం పాలిపోయింది. "అమ్మా, కడుపులో తిప్పుతోంది" అనడం, వాంతి చేసుకోవడం ఒకేసారి జరిగాయి.

వాడికి కారు పడదని నాకు తెలుసు. కళ్ళు చేతిలోని తెరకు అతుక్కుని ఉంటాయి, తెర కదలదు. చెవి లోపల తూకం చూసే భాగానికి మాత్రం బండి ఊపూ మలుపూ అన్నీ తెలుస్తుంటాయి. కళ్ళు ఒకటి చెబుతాయి, చెవి ఇంకొకటి చెబుతుంది. ఆ పొంతన కుదరకే కడుపు తిరగబడుతుంది. రెండేళ్ళ నుంచి పన్నెండేళ్ళలోపు పిల్లలకు ఇది మరీ ఎక్కువ. దూరంగా, కదలని చోటు చూస్తూ కూర్చుంటే తగ్గుతుంది. ఇవన్నీ తెలిసి కూడా ట్యాబ్ ఇచ్చాను. రోడ్డు పక్కన చలిలో వాడి చొక్కా మార్చి, దాన్ని తీసుకెళ్ళి డిక్కీలో సూట్‌కేసు అడుగున పెట్టేశాను. నాలుగు రోజులూ అక్కడే ఉంది.

కారులో మేం ఐదుగురం. మావారు నడుపుతున్నారు, పక్కన నేను. వెనక ఒక కిటికీ దగ్గర పదేళ్ళ పాప, ఇంకో కిటికీ దగ్గర ఆరేళ్ళ బాబు, మధ్యలో అత్తమ్మ. అత్తమ్మది కోవెలకుంట్ల దగ్గర పల్లె. పిల్లలు ఆమెను జేజీ అని పిలుస్తారు. ఆమెను తమ్ముడింటి దగ్గర దింపి రావాలి, సంక్రాంతి దాకా అక్కడే ఉంటానంది. ఎలాగూ వెళ్తున్నాం కాబట్టి దారిలో యాగంటి, బెలుం, గండికోట పిల్లలకు చూపిద్దామనుకున్నాం.

వాంతి అయ్యాక చిన్నోడు ఏడుస్తూ కూర్చున్నాడు. జేజి వాడి వీపు నిమురుతూ, మమ్మల్ని ఎవరినీ అడక్కుండా మొదలుపెట్టింది. "ఒక దూడ ఉన్నిందంటరా అబ్బీ. కుందూ ఒడ్డున పుట్టింది. దాన్ని ఎవురో కొనుక్కోని పట్నానికి తోలుకపోయినారు. దానికి ఆడ నిద్ర పట్టల్యా. ఒక రాత్రి పలుపు తెంపుకోని, అమ్మ కాడికి పోవాలని బయల్దేరింది. యా దోవన పోవాలో తెలీదు. పొద్దున్నే మంచు పడతాంది. ఇంగో, ఇట్లాంటి మంచే. ముందర ఒక లారీ పోతాంటే దాని ఎర్ర దీపాలు పట్టుకోని నడిచింది."

వాడు ఏడుపాపి ముందున్న లారీ దీపాలకేసి చూశాడు. వాడి కళ్ళు దూరాన ఆనింది అప్పుడే.

ఆ కథలో గొప్ప ఏమిటంటే, దారిలో ఏది కనబడితే అది కథలోకి వచ్చేస్తుంది. చింతచెట్లు వస్తే దూడ నీడన పడుకుంటుంది. గొర్రెలమంద అడ్డమొస్తే వాటిలో కలిసిపోయి నడుస్తుంది. కాబట్టి కథ వినాలంటే వాడు కిటికీలోంచి బయటికి చూడాలి. వాంతికి మందు కూడా అదే. టోలుగేటు వచ్చినప్పుడల్లా మాత్రం జేజి ఆపేసేది. "టోలుగేటు వచ్చింది, ఆగల్ల. దూడైనా ఆగల్ల." దాంతో చిన్నోడికి ఒక ఉద్యోగం దొరికింది. టోలుగేటు బోర్డు ఎంత దూరాన ఉన్నా ముందు వాడే చూసి చెప్పాలి.

పాపకు దూడ కథ చెవిన పడుతూనే ఉంది కానీ, పదేళ్ళది కదా, వింటున్నట్టు కనబడటం తనకిష్టం లేదు. తన చేతికి ఒక నోటుపుస్తకం ఇచ్చాను. ఎడమ పేజీలో ఖర్చులు, కుడి పేజీలో బండి నంబర్లు. మేం పోతున్నది శ్రీనగర్ నుంచి కన్యాకుమారి దాకా వెళ్ళే 44వ నంబరు జాతీయ రహదారి. దాని మీద దొరకని రాష్ట్రం ఉండదు. కర్ణాటక, తమిళనాడు బండ్లకు ఒక పాయింటు, హర్యానా, రాజస్థాన్‌లకు మూడు, జమ్మూ కశ్మీర్‌కు పది. నాగాలాండ్‌కు ఐదు అని మొదట పెట్టాం. గంటలో పదకొండు లారీలు ఎన్‌ఎల్ అక్షరాలతో పోయేసరికి పాపే దాన్ని ఒకటికి దించేసింది. తెలంగాణ బండ్లలో టీఎస్ ఉన్నవి పాతవి, టీజీ ఉన్నవి 2024 మార్చి తర్వాతవి అని వాళ్ళ నాన్న చెబితే అది కూడా వేరే గడి గీసి రాసుకుంది.

బీచుపల్లి దగ్గర కృష్ణ వంతెన ఎక్కగానే జేజి కొంగుముడి విప్పింది. పిల్లలకు చెరొక రూపాయి ఇచ్చి, కారు నెమ్మది చేయించి, నదిలోకి వేయించి దండం పెట్టించింది. మళ్ళీ తుంగభద్ర వచ్చేదాకా ఉన్న నేలను నడిగడ్డ అంటారని, రెండు నదుల మధ్య గడ్డ కాబట్టి ఆ పేరని చెప్పింది. కర్నూలు ముందర తుంగభద్ర వంతెన మీద పాప తనంతట తనే చెయ్యి చాపింది రూపాయి కోసం. నోటుపుస్తకంలో మొదటి రెండు ఖర్చులు ఇవి: "కృష్ణ 2, తుంగభద్ర 2".

కర్నూల్లో ఉగ్గాని బజ్జీ తిన్నాం. నానబెట్టిన బొరుగులకు తాళింపు పెట్టి, పైన పుట్నాలపొడి చల్లి, పక్కన మిరపకాయ బజ్జీ పెట్టి ఇస్తారు. ప్లేటు నలభై. చిన్నోడికి కారం తగులుతుందని భయపడ్డాను. బండి నడిపే పెద్దమనిషి వాడి మొహం చూసి, "బుడ్డోడికి కారం లేకుండా ఇస్తాలేక్కా" అని కొంచెం బొరుగులు వేరే తీసి, బజ్జీ బదులు అరటికాయ ముక్క వేసి ఇచ్చాడు. దానికి డబ్బు తీసుకోలేదు. పాప నోటుపుస్తకంలో ఆ ప్లేటు పక్కన సున్నా వేసి చుట్టూ గీత గీసింది.

అత్తమ్మకు మోకాళ్ళ నొప్పులు. గంటన్నరకోసారి ఆపి ఆమెను పది నిమిషాలు నడిపించాలి. ఆ ఆగడం పిల్లలకు కూడా ఎంత అవసరమో ఓర్వకల్లు రాళ్ళ దగ్గర తెలిసింది. ఆ రాళ్ళ మధ్య ఇద్దరూ ఒళ్ళు చెమటలు పట్టేలా పరిగెత్తి వచ్చి, తర్వాత యాభై కిలోమీటర్లు కిక్కురుమనలేదు. ఆమె లేకపోతే మేం ఏకబిగిన లాగించేవాళ్ళం. కారులో పిల్లల గొడవల్లో సగం కాళ్ళు చాపుకోలేకపోవడం వల్ల వచ్చేవే. వాటికి ఏ ఆటా పనిచెయ్యదు.

యాగంటికి మూడున్నరకు చేరాం. చిన్నోడికి గుడి అంటే బోరు, మెట్లు ఎక్కనని మొండికేశాడు. అప్పుడు జేజి చెప్పింది, ఇక్కడ కాకి వాలదని. అగస్త్య మహాముని తపస్సు చేస్తుంటే కాకాసురుడు కాకుల గుంపుతో వచ్చి చెడగొట్టాడని, ఈ చుట్టుపక్కల కాకి కనబడకూడదని ఆయన శపించాడని కథ. "నువ్వు ఒక కాకిని చూపించు, నీకు కోనేటి కాడ గోలీసోడా కొనిస్తా." అంతే, వాడు గంటసేపు తల పైకెత్తుకుని తిరిగాడు. అగస్త్య గుహ మెట్లు నిటారుగా ఉంటాయి, అవి కూడా నాకంటే ముందు ఎక్కాడు. పావురాలు, కోతులు, ఏవో చిన్న పిట్టలు. కాకి లేదు. పెరుగుతున్నాడని చెప్పుకునే బసవన్న దగ్గర పాప చాలాసేపు నిలబడి, పెరగడాన్ని ఎలా కొలుస్తారని పూజారిని అడిగింది. ఒకప్పుడు చుట్టూ ప్రదక్షిణ చేసేవాళ్ళనీ, ఇప్పుడు స్తంభానికీ బసవన్నకూ మధ్య మనిషి పట్టడం లేదనీ ఆయన ఓపిగ్గా చూపించారు. గోలీసోడా ఇద్దరికీ కొనిచ్చింది జేజి, కాకి కనబడకపోయినా.

డిసెంబరు 26. బెలుం, గండికోట

ఇవాళ అంత బాగా మొదలవలేదు. అవుకు దాటేలోపే ఇద్దరూ కొట్టుకున్నారు. రంగుపెన్సిళ్ళ డబ్బా తెరిచిన ఐదు నిమిషాలకు సగం సీటు కిందికి దొర్లాయి, ఎవరి వల్ల అన్నది గొడవ. అంత్యాక్షరి పెట్టాను. పాపకు వచ్చిన పాటలు తమ్ముడికి రావు, జేజికి వచ్చినవి ఇద్దరికీ రావు. పావుగంటలో ఒకడు ఏడుపు, ఒకత్తి మూతిముడుపు. వయసు తేడా ఉన్న పిల్లలకు ఒకరు గెలిచి ఒకరు ఓడే ఆట కారులో పెట్టకూడదు. ఓడినవాడు లేచి పోవడానికి చోటుండదు.

పొడుపుకథలు అలా కాదు. జేజి వేసింది, "చెయ్యని కుండ, పొయ్యని నీళ్ళు, వెయ్యని సున్నం, తియ్యగా ఉంటుంది". చిన్నోడు "కొబ్బరికాయ!" అన్నాడు, ఎలా తెలిసిందో. "తోకలేని పిట్ట తొంభై ఆమడలు పోతుంది" అంటే మాత్రం ఇద్దరూ తెల్లమొహం వేశారు. జవాబు ఉత్తరం. ఇంటికి ఉత్తరం రావడం వాళ్ళెప్పుడూ చూడలేదు. దాని మీద జేజి అరగంట చెప్పింది. పెళ్ళైన కొత్తలో పుట్టింటి నుంచి కార్డు వస్తే దాన్ని ఎన్నిసార్లు చదివేదో, చదవడం పూర్తిగా రాని రోజుల్లో ఎవరితో చదివించుకునేదో. ఆ కార్డుల సంగతి నేను కూడా మొదటిసారి వినడం.

కొలిమిగుండ్ల ముందు ఫోను మ్యాపు చెప్పిందని కుడికి తిరిగాం. అది క్వారీల దారి. రెండు వైపులా తవ్వి తీసిన గుంటలు, నాపరాళ్ళ దొంతరలు, బండలు ఎక్కించుకున్న ట్రాక్టర్లు. దారి సన్నగా అయి చివరికి ఒక కోత మిషను ముందు ఆగిపోయింది. మావారు విసుక్కుంటూ వెనక్కి తిప్పుతుంటే పని చేస్తున్న ఒకాయన వచ్చి, తడి చేతులు లుంగీకి తుడుచుకుని, దారి చెప్పాడు. చిన్నోడు మిషను కేసి చూస్తుండటం గమనించి, "దిగి చూస్తావా నాయనా" అన్నాడు. నీళ్ళు చిమ్ముతూ రాయి కోసుకుపోవడం పిల్లలు పది నిమిషాలు నోరు తెరుచుకుని చూశారు. అక్కడి నుంచి కొత్త ఆట పుట్టింది, బండను ఎన్ని పనులకు వాడారో లెక్క. ఇంటి కప్పు, పొలానికి కంచె, అరుగు, పశువుల తొట్టి, బస్టాపు బెంచీ, బావి గట్టు, ఊరి బోర్డు. బెలుం చేరేసరికి పాప పుస్తకంలో పధ్నాలుగు.

బెలుం గుహల్లోకి బావిలాంటి గుంటలోంచి దిగాలి. సున్నపురాయిని వేల వేల ఏళ్ళు నీళ్ళు కరిగించి తొలిచిన దారులవి. మొత్తం పొడవు 3,229 మీటర్లు, సగానికి అటూఇటుగా మనల్ని తిరగనిస్తారు. 1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ అనే బ్రిటిష్ భూగర్భ శాస్త్రవేత్త వీటి గురించి రాశారు. దాదాపు వంద సంవత్సరాల తర్వాత, 1982, 83ల్లో జర్మనీ నుంచి వచ్చిన డేనియల్ గెబాయర్ బృందం లోపల తిరిగి కొలతలు తీసింది. బయట డిసెంబరు చలి, లోపల ఉక్కపోత. చిన్నపిల్లలతో వెళ్ళేవాళ్ళు పలచటి బట్టలు వేయండి, నీళ్ళు తాగించి దింపండి. సెలవుల జనం కిటకిటలాడుతున్నారు, అయినా సప్తస్వరాల గుహలో గైడు రాతి ఊడలను వేళ్ళతో తట్టి వినిపిస్తుంటే అందరూ నిశ్శబ్దమైపోయారు. పాతాళగంగ దగ్గర, 46 మీటర్ల లోతున, సన్నటి నీటి పాయ రాతిలోకి పోయి మాయమవుతుంది. "ఎక్కడికి పోతుంది?" అన్నాడు చిన్నోడు. గైడు చెప్పిన జవాబు వాడికి సరిపోలేదు. పైన అరుగు మీద కూర్చున్న జేజి దగ్గరికి పరిగెత్తాడు. "దూడ ఆ నీళ్ళు తాగిందిరా. తాగి, ఈ నీళ్ళు యాటికి పోతాయో అమ్మ ఆడనే ఉంటాదని నేల మీద చెవి పెట్టి వినుకుంటా పోయింది." కారు ఎక్కేముందు వాడు కూడా నేలకు చెవి పెట్టి చూశాడు.

గండికోట గురించి ఒక మాట ముందే చెప్పాలి. పెన్న లోయ అంచున చాలాచోట్ల కంచె లేదు. లోతు దాదాపు మూడు వందల అడుగులు. ఫొటోల కోసం రాళ్ళ మీది నుంచి రాళ్ళ మీదికి గెంతే పెద్దవాళ్ళను చూసి పిల్లలు అదే చేయబోతారు. మేం ఒక్కటే నియమం పెట్టాం, లోయను నిలబడి చూడకూడదు, కూర్చునే చూడాలి. కూర్చున్నాక ఇద్దరూ చాలాసేపు అలాగే ఉండిపోయారు. ఎర్రరాతి గోడల మధ్య పెన్న ఆకుపచ్చగా, కదలనట్టే ఉంది.

మాధవరాయస్వామి గుడి, జామా మసీదు, ధాన్యాగారం తిరుగుతూ పాపకు టావెర్నియే సంగతి చెప్పాను. ఫ్రాన్సు నుంచి వజ్రాల వ్యాపారానికి వచ్చిన ఆయన 1652లో గోల్కొండ మంత్రి మీర్ జుమ్లాను కలవడానికి ఈ కోటకు వచ్చాడు. పాప వెంటనే అడిగింది, "కారు లేకుండానా? అన్ని రోజులు దార్లో ఏం చేసేవాడమ్మా?" రాసుకునేవాడన్నాను. ఆ రాత్రి తను ఖర్చుల పేజీ వదిలేసి, వెనక పేజీ నుంచి వేరే ఏదో రాయడం మొదలుపెట్టింది. నేను అడగలేదు.

కోట లోపలి ఊళ్ళో ఒకావిడ ముందే చెబితే ఇంట్లో వండి పెడుతుంది. రాగి సంగటి, నాటుకోడి పులుసు, చెనిగ్గింజల ఊరుబిండి. ఐదుగురికి వెయ్యి రూపాయలు. సంగటి నమలకూడదు, మింగాలని ఆమె చిన్నోడికి నేర్పింది. ముద్ద చేసి, మధ్యలో వేలితో గుంట చేసి, నెయ్యి పోసి, "ఇది మీ కోట, ఇది కందకం" అని పెట్టింది. ఇంట్లో రాగి పేరెత్తితే పారిపోయే పిల్లవాడు రెండు కోటలు మింగాడు.

డిసెంబరు 27. జమ్మలమడుగు మీదుగా అత్తమ్మ ఊరు

పొద్దున కాకులు. కోట గోడ మీద వరసగా. చిన్నోడు మంచం మీంచే అరిచాడు, జేజీ, కాకీ అని. లెక్కపెట్టి పుస్తకంలో రాయించాడు, ఇరవై మూడు.

జమ్మలమడుగులో కారం దోశ తిని నల్లరేగడి పొలాల్లోకి దిగాం. దారి పొడవునా శనగ, జొన్న. జేజి ఒక చోట కారు ఆపించి, చేలో ఉన్న మనిషిని కేకేసింది. "యా ఊరమ్మా మీది?" అన్నాడాయన. ఆమె తన పుట్టినూరు, నాయన పేరు చెప్పింది. ఆయన వాళ్ళ నాయనను ఎరుగుదునన్నాడు. ఇంకేముంది, రెండు చేతులకూ సరిపడా పచ్చి శనగచెట్లు పీకి కారులో పెట్టాడు. డబ్బు ఇవ్వబోతే, "బిడ్డలు తినేదానికి ఏం దుడ్డు మా" అన్నాడు. కాయ ఒలిచి గింజ తీయడం, పుల్లటి ఆకు నాకడం. మిగతా దారంతా కారులో చిటపట చప్పుడు తప్ప మాట లేదు. నేను ఊరి నుంచి మోసుకొచ్చిన బిస్కెట్లూ చిప్సూ మొదటి రోజే అయిపోయి, అందరికీ దాహం మిగిల్చాయి. ఒలుచుకుని తినేవి మంచివి. వేరుశనగకాయలు, బఠానీకాయలు, బత్తాయి. చేతికి పని, నోటికి పని.

ఊరు దగ్గరపడే కొద్దీ జేజి కథ నెమ్మదించింది. దూడ కుందూ ఒడ్డుకు చేరింది. అవతలి గట్టు మీద అమ్మ మెడలో గంట వినబడుతోంది. ఏటికి నీళ్ళొచ్చాయి. "దాటిందా?" అన్నాడు చిన్నోడు. జేజి అద్దంలోంచి చూస్తోంది. ఊరి చివర చింతచెట్టు, కొత్తగా వేసిన సిమెంటు రోడ్డు. "రేపు చెప్తా" అంది. తమ్ముడు గేటు దగ్గరే నిలబడి ఉన్నాడు. "అక్కా" అని వచ్చి సంచీ అందుకున్నాడు. ఇద్దరూ ఆ తర్వాత చాలాసేపు ఏమీ మాట్లాడుకోలేదు.

డిసెంబరు 28. తిరుగు ప్రయాణం

తెల్లారకముందే బయల్దేరాం. పిల్లలు నిద్రమత్తులో జేజికి టాటా చెప్పారు. బనగానపల్లె దాటాక చిన్నోడు పూర్తిగా లేచి, పక్కన చూశాడు. మధ్య సీటు ఖాళీ. "కథ?" అన్నాడు.

నాకు లోపల గుబులు పుట్టింది. దాదాపు మూడు వందల కిలోమీటర్లు, జేజి లేదు. ఫోను చేస్తే సిగ్నలు అందలేదు. నేను చెబుతానన్నాను. దూడ ఈదుకుంటూ వెళ్ళిందని చెప్పబోతే, "అట్లా కాదు" అని పాప అడ్డొచ్చింది. మూడు రోజులుగా విననట్టు కూర్చున్న పిల్ల నోటుపుస్తకం వెనక పేజీలు తీసింది. మొదటి రోజు పొగమంచు నుంచి దూడ నడిచిన ప్రతి చోటూ రాసి ఉంది. గొర్రెలమంద, రెండు వంతెనలు, పాతాళగంగ, శనగచేను. కుందూ దగ్గర కొంత ఖాళీ వదిలింది.

వంతెన కట్టాలని పాప. నాగాలాండ్ లారీ వచ్చి ఎక్కించుకోవాలని తమ్ముడు. బండలు వరసగా పేరిస్తే నడిచి దాటొచ్చని పాప. కోత మిషను మామ తెచ్చిస్తాడని తమ్ముడు. ఆ బండ ఎంత బరువుంటుంది, ఎన్ని కావాలి, వాళ్ళ నాన్నను కూడా లాగారు. ఓర్వకల్లు దగ్గర మేమే అలవాటుగా ఆపాం, జేజి మోకాళ్ళ కోసం ఆగినట్టే. పిల్లలు రాళ్ళ మీద నిజంగానే ఒక ఏరు ఉందనుకుని దాటుతూ చూశారు, ఎన్ని అడుగులకొక బండ వెయ్యాలో.

తుంగభద్ర మీద రూపాయలు వేశాం. పాప లెక్క తేల్చింది. డీజిలు, టోలు, గదులు, తిండి, గుహల టిక్కెట్లు అన్నీ కలిపి పద్నాలుగు వేల ఆరు వందల చిల్లర. నదులకు ఆరు రూపాయలు వేరే గీత కింద.

వంతెన దిగి కాస్త ముందుకు వచ్చాక ఫోను మోగింది. జేజి. స్పీకరు పెట్టాను.

"యాడున్నార్రా అబ్బీ? దూడ దాటిందా?"

చిన్నోడు సీటు అంచుకు జరిగి ముందుకు చూశాడు. దూరంగా బోర్డు కనబడుతోంది.

"ఇంకా లేదు జేజీ. టోలుగేటు వచ్చింది, ఆగల్ల" అన్నాడు.